క్యాంపస్ దాటకుండానే సేవ: స్క్రైబ్ పని, రక్తదాన శిబిరం, ఓటరు నమోదు

యూనివర్సిటీలో చేరిన మొదటి నెలలోనే "వాలంటీర్లు కావాలి" అంటూ ఒక గూగుల్ ఫారం లింకు వస్తుంది. రెండొందల మంది పేర్లు ఇస్తారు. ర్యాలీ రోజు నలభై మంది వస్తారు. ఫొటో అయ్యాక పదిమంది మిగులుతారు. తప్పు పిల్లలది కాదు. తాము రాకపోయినా అక్కడ ఏదీ ఆగదని వాళ్లకు తెలుసు, అందుకే రారు. అదే ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా మనిషి మన కోసం ఎదురుచూస్తుంటారన్న పని అయితే ఎగ్గొట్టడానికి మనసు రాదు. అలాంటి పనులు క్యాంపస్ గోడల లోపలే ఉన్నాయి. ఏ పని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ముందు మీ దగ్గరున్న సమయం లెక్క వేసుకోండి. సెమిస్టర్‌కు సుమారు 15 వారాల తరగతులు, ఏడాదికి 30 వారాలు. వారానికి 4 గంటలు తీయగలిగితే 120 గంటలు. అంతకు మించి మాట ఇవ్వకండి. మొదటి నెల వారానికి పది గంటలు చేసి, ఇంటర్నల్స్ రాగానే మాయమయ్యేవాళ్ల కంటే రెండు గంటలైనా తప్పకుండా వచ్చేవాళ్లే పనికొస్తారు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలా?

ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం. చేరితే మంచిదే. కాకపోతే అదొక్కటే దారి కాదు. ఎన్‌ఎస్‌ఎస్ కూడా ఏడాదికి 120 గంటలే అడుగుతుంది. రెండేళ్లలో 240 గంటలు, దానితోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. యూనిట్‌కు సాధారణంగా 100 మంది, వాళ్లకు ఒక ప్రోగ్రాం ఆఫీసర్. మన కాలేజీల్లో అందరూ పీవో సార్, పీవో మేడం అనే పిలుస్తారు. చాలాచోట్ల విద్యాసంవత్సరం మొదట్లోనే సీట్లు నిండుతాయి. సెప్టెంబర్ 24న ఎన్‌ఎస్‌ఎస్ దినోత్సవం చూసి, ఆ తర్వాత వెళ్లి అడిగితే "వచ్చే ఏడు రామ్మా" అంటారు. తరగతులు మొదలైన రెండో వారంలోనే డిపార్ట్‌మెంటులో పీవో ఎవరో కనుక్కోండి. యువత కోసం కేంద్రం నడిపే మై భారత్ పోర్టల్‌లో మీ వివరాలు నమోదు చేయాలా అన్నది కూడా అప్పుడే అడగండి.

గంటల డైరీ మీరే రాసుకోండి. తేదీ, పని, మొదలుపెట్టిన టైం, ముగించిన టైం, పీవో సంతకం. సంతకం వారం వారం తీసుకోవాలి. ఫైనలియర్‌లో ఒకేసారి 240 గంటలకు సంతకాలు అడిగితే, ఈలోగా పీవో మారిపోయి ఉంటే, కొత్తవారు దేన్ని చూసి సంతకం పెట్టాలి?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ కోర్సులో భాగంగా చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వేరు, ఎన్‌ఎస్‌ఎస్ వేరు. మొదటిది మార్కులకు, క్రెడిట్లకు చేసేది. అవే గంటలను రెండుచోట్లా చూపించాలని చూడకండి. ఇక సేవ పేరుతో తరగతులు మానేస్తే హాజరు 75 శాతం కంటే కిందికి పోతుంది, అప్పుడు ఏ సర్టిఫికెట్టూ కాపాడదు. పని తరగతి వేళలో ఉంటే ఆన్‌డ్యూటీ లేఖ ముందురోజే తీసుకుని హెచ్‌వోడీ దగ్గర ఇవ్వండి. తర్వాత తెచ్చే లేఖను చాలామంది లెక్చరర్లు ఒప్పుకోరు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

స్క్రైబ్ పని

క్యాంపస్‌లో అన్నిటికంటే అవసరమైన పని ఇదే. మనుషులు దొరకనిదీ దీనికే. చూపు లేని విద్యార్థులు, చేతులు సహకరించని విద్యార్థులు చెబుతుంటే పక్కన కూర్చుని జవాబుపత్రం రాసిపెట్టడం. మీరు రాకపోతే వాళ్లకు ఆ పేపరు పోయినట్టే.

మొదట ఎవరు ఎవరికి రాయవచ్చో తెలియాలి. పరీక్ష రాసేవారు తమ స్క్రైబ్‌ను తామే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు కింద ఉండాలని కేంద్రం 2018 ఆగస్టు 29 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ లెక్కన ఎం.ఏ. విద్యార్థికి డిగ్రీ చదివేవాళ్లు రాయవచ్చు. డిగ్రీ విద్యార్థికి రాయడానికి చాలాచోట్ల ఇంటర్ పిల్లల్నే అడుగుతారు. అక్కడ డిగ్రీ వాలంటీరు పని తాను రాయడం కాదు, దగ్గర్లోని జూనియర్ కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్‌ను ఒప్పించి పిల్లల్ని తీసుకురావడం. ఈ నిబంధనలు మారుతుంటాయి, 2025లోనూ కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. యూనివర్సిటీని బట్టి సబ్జెక్టు విషయంలోనూ షరతులుంటాయి. కాబట్టి ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఈ సెమిస్టర్ సర్క్యులర్ అడిగి, ఫొటో తీసి పెట్టుకోండి. పోయినేటి సర్క్యులర్ చూసి మనుషుల్ని కుదిర్చితే పరీక్షకు రెండు రోజుల ముందు అందరూ చెల్లకుండా పోతారు.

తర్వాత లెక్క. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. ముందు ముప్పావుగంట, వెనక పావుగంట కలిపితే అయిదు. అంటే ఒక్కో పేపరుకు మీ పూట మొత్తం పోతుంది. అయిదుగురు విద్యార్థులు, ఒక్కొక్కరికి ఆరు పేపర్లు అనుకుంటే 30 పూటలు. ఒక వాలంటీరు మీద మూడు పూటలకు మించి వేయవద్దు, వాళ్లకూ పరీక్షలుంటాయి. అప్పుడు పదిమంది కావాలి. దానిపైన నలుగురు స్టాండ్‌బై. స్టాండ్‌బై అంటే పేరు మాత్రమే ఇచ్చినవాళ్లు కారు. అనుమతి పత్రం చేతిలో పెట్టుకుని, ఆ పూట హాస్టల్‌లోనే ఉండి, ఫోన్ ఎత్తేవాళ్లు. ఉదయం ఎనిమిదిన్నరకు "జ్వరం వచ్చిందన్నా" అని మెసేజ్ వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది వాళ్లే.

అనుమతికి కావలసినవి సాధారణంగా ఇవి: విద్యార్థి దరఖాస్తు, వైకల్య ధ్రువపత్రం నకలు, స్క్రైబ్ బోనఫైడ్, చివరి పాసైన పరీక్ష మెమో నకలు, ఇద్దరి ఫొటోలు, స్క్రైబ్ సంతకంతో హామీ పత్రం. పరీక్షలకు రెండు వారాల ముందే ఇవ్వండి. పేపరుకొక స్క్రైబ్ ఉంటే ప్రతి పేరుకూ విడిగా అనుమతి తీసుకోవాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక పేరు మీద లేఖ ఉంటుంది, కూర్చోవడానికి ఇంకొకరు వస్తారు, చీఫ్ సూపరింటెండెంట్ ఒప్పుకోరు. గది కింది అంతస్తులో, విడిగా ఇవ్వమని దరఖాస్తులోనే రాయించండి. చెప్పేవారి గొంతు మిగతావారికి వినిపిస్తే ఇన్విజిలేటర్ మెల్లగా మాట్లాడమంటారు. మెల్లగా మాట్లాడితే స్క్రైబ్‌కు వినపడదు, తప్పులు రాస్తారు.

పరీక్షకు రెండు రోజుల ముందైనా ఇద్దరూ ఒక గంట కూర్చోవాలి. పాత ప్రశ్నపత్రం తీసుకుని ఒక జవాబు పూర్తిగా చెప్పించుకుని రాయండి. ప్రశ్న ఎలా చదవాలి (మొత్తం ఒకసారి మామూలుగా, రెండోసారి ఆగి ఆగి, మార్కులతో సహా), పేరా ఎలా చెబుతారు, కింద గీత ఎక్కడ గీయాలి, టైం ఎంతసేపటికోసారి చెప్పాలి (అరగంటకోసారి చాలామందికి సరిపోతుంది) అన్నవి అప్పుడే తేల్చుకోండి. తెలుగు మాధ్యమం విద్యార్థికి తెలుగు వేగంగా రాయగలిగేవారే కావాలి. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగులో ఒత్తుల దగ్గర ఆగిపోయే వాలంటీర్లు ఇప్పుడు ఎక్కువ. మంచి మనసుతోనే వస్తారు, కానీ గంటకు రెండు పేజీలు దాటరు. ఎంపికకు ఒక సులువైన పరీక్ష ఉంది. దినపత్రిక సంపాదకీయం పది నిమిషాలు మామూలు వేగంతో చదివి వినిపించండి, రాయమనండి. పేజీకి మూడు నాలుగు కంటే ఎక్కువ తప్పులుంటే వాళ్లను పుస్తకాలు చదివి రికార్డు చేసే పనిలో పెట్టండి.

హాల్లో పాటించాల్సింది ఒకటే: చెప్పింది రాయాలి. తప్పు చెబుతున్నారని తెలిసినా అదే రాయాలి. "అదేనా?" అని ఇంకో గొంతుతో అడిగినా అది సాయం కిందికే వస్తుంది. మాట వినపడకపోతే "మళ్లీ చెప్పండి" అనడం వేరు, దీనికీ దానికీ తేడా ఇన్విజిలేటర్‌కు తెలిసిపోతుంది. మాట తడబడే విద్యార్థి వాక్యాన్ని మీరు పూర్తిచేయకండి, ఆగండి. ప్రతి పేరా చివర ఆఖరి వాక్యం తిరిగి చదివి వినిపిస్తే వారి ఆలోచన తెగిపోదు. ఒకే రకం పెన్నులు మూడు తీసుకెళ్లండి. ఫోన్ బయటే పెట్టండి. వారు ఏం రాశారు, ఎలా రాశారు అన్నది బయటికొచ్చాక ఎవరితోనూ అనకూడదు, మీ రూమ్మేట్‌తోనైనా సరే.

దారి చూపేటప్పుడు చేయి పట్టి లాగవద్దు, కర్ర అసలే పట్టుకోవద్దు. మీ మోచేయి అందించండి, వారే పట్టుకుంటారు. మీరు అర అడుగు ముందు నడవండి. మెట్లు వస్తే ఎక్కేవో దిగేవో చెప్పండి.

చదివి పెట్టడం, టైపు చేయడం

పరీక్షలు లేని నెలల్లో చేయాల్సిన పని ఇది. చూపు లేని విద్యార్థులు ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి, తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతో చదువుకుంటారు. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ చదువుతుంది. చిక్కంతా మన పీడీఎఫ్‌లతోనే. తెలుగు స్టడీ మెటీరియల్ చాలావరకు అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో డీటీపీ చేసింది. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని గుర్తులు. పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు అక్షరాలు వస్తే అది స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్, పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

బొమ్మ అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి. వచ్చినదాన్ని తప్పకుండా దిద్దాలి. మ, వు ఒకదానికొకటి మారతాయి. ప, వ అంతే. ధ, థ చుక్క తేడాతో పోతాయి. రెండు కాలమ్‌ల పేజీని అడ్డంగా కలిపి చదివేస్తుంది, అలాంటి పేజీని ముందే రెండుగా కత్తిరించి పెట్టండి. మొదట్లో గంటకు ఆరేడు పేజీల కంటే సాగదు. అంతే సాగుతుందనుకుని పని పంచుకోండి. శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టడం మరవద్దు. స్క్రీన్ రీడర్‌తో వినేవారు పాఠం నుంచి పాఠానికి దూకేది దాని సాయంతోనే.

చదివి రికార్డు చేస్తే ఫ్యాను ఆపి, కిటికీ వేసి, ఒక్కో పాఠానికి ఒక్కో ఫైలు చేయండి. మొదట పుస్తకం పేరు, పాఠం, పేజీ చెప్పాలి. పేజీ మారినప్పుడల్లా అంకె చెప్పాలి. పట్టికను వరుసగా చదివేస్తే ఎవరికీ అర్థం కాదు, ముందు ఎన్ని నిలువు వరసలున్నాయో, వాటి పేర్లేమిటో చెప్పి తర్వాత అడ్డవరసలు చదవండి. భావావేశం అక్కర్లేదు. నాటకం వేస్తున్నట్టు చదివితే రెండింతల వేగంలో వినేటప్పుడు ముద్దముద్దగా వినిపిస్తుంది, చాలామంది వినేది ఆ వేగంలోనే.

ఇది చట్టవిరుద్ధమేమోనన్న భయం అక్కర్లేదు. వికలాంగులు చదువుకోగలిగే రూపంలోకి లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వడానికి కాపీరైట్ చట్టంలో 2012 సవరణ వీలిచ్చింది. అయితే ఆ ఫైలు వారికే. "ఎలాగూ టైపు చేశాం కదా" అని క్లాసు గ్రూపులో పెట్టేస్తే ఆ రక్షణ మీకు ఉండదు.

రక్తదాన శిబిరం

శిబిరం పెట్టడమంటే బ్యానరు కట్టడం కాదు. లైసెన్సున్న బ్లడ్ సెంటర్ ఒకటి మీ క్యాంపస్‌కు వచ్చి పని చేసుకోవడానికి వీలు కల్పించడం. అయిదారు వారాల ముందు ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ సెంటర్‌నో రెడ్‌క్రాస్‌నో కలవండి. మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్ని యూనిట్లు మీకు పనికొస్తాయి?" అన్నదే. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవ ఉంటాయి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. ఒకే రోజు వెయ్యి యూనిట్లు తీసి రికార్డు కొట్టామనుకునే మెగా శిబిరాల కంటే మూడు నెలలకోసారి 60, 70 యూనిట్లు ఇచ్చే క్యాంపస్ వల్లే రోగులకు మేలు. ఆరు నుంచి ఎనిమిది మంచాలు, ఒక వైద్యుడు, ఇద్దరు నర్సులు ఉండే బృందం మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర తీసుకోగలదు. అంతకు మించి పిలిస్తే వరసలో నిలబడి నిలబడి ఆకలితో కళ్లు తిరుగుతాయి.

ఎవరు ఇవ్వవచ్చో పోస్టరు మీదే రాయండి. 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు. మగవాళ్లకు గత దానానికీ దీనికీ 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఎడం ఉండాలి. పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాది కాకపోతే రానక్కర్లేదు. 350 మి.లీ. తీస్తారు, 55 కిలోలు దాటినవారి దగ్గర 450 కూడా తీయవచ్చు. ఈ నాలుగు ముక్కలు ముందే తెలిస్తే వరసలో నిలబడి వెనక్కి వెళ్లే బాధ సగం తగ్గుతుంది. అయినా కొందరు వెనక్కి వెళతారు. హిమోగ్లోబిన్ తక్కువని ఎక్కువగా ఆగిపోయేది అమ్మాయిలే. వాళ్లను ఊరికే పంపించకండి. హెల్త్ సెంటర్ డాక్టరును ఆ పక్క బల్ల దగ్గర కూర్చోబెడితే అక్కడే ఐరన్ గురించి చెబుతారు. 60 యూనిట్లు కావాలంటే 90 మంది పేర్లు రాయించుకోండి.

తేదీ కుదర్చడంలోనే సగం పని ఉంది. ఇంటర్నల్స్ వారం వద్దు. దసరా నవరాత్రుల ఉపవాసాలు, రంజాన్ నెల చూసుకోండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లు ఉంటారు, ఖాళీ కడుపుతో రక్తం తీయరు. వేసవిలో కాలేజీలు మూతపడగానే శిబిరాలు తగ్గి రక్తానికి కొరత వస్తుంది. అందుకే హాస్టళ్లు ఖాళీ అయ్యేలోపు, మార్చి చివర్లో ఒకటి పెట్టగలిగితే అది మిగతా అన్నిటికంటే విలువైనది.

ఆ రోజుకు కింది అంతస్తులో గాలి వచ్చే హాలు, నీళ్లు, టాయిలెట్, కరెంటు పోతే జనరేటరు. పదహారు మంది వాలంటీర్లు చాలు: నమోదు బల్ల దగ్గర నలుగురు, వరస నడపడానికి ఇద్దరు, మంచాల దగ్గర నలుగురు, తినే చోట నలుగురు, మిగతా ఇద్దరు ఏ పనీ లేకుండా తిరిగేవాళ్లు. ఆ ఇద్దరికీ పని అప్పజెప్పకండి, పది నిమిషాల్లో ఏదో ఒకటి వస్తుంది.

దాతలు నాలుగు గంటలలోపు ఏదైనా తిని ఉండాలి. మెస్‌లో ఆ రోజు టిఫిన్ అరగంట ముందు పెట్టించండి. దానానికి ముందు అరలీటరు నీళ్లు తాగించండి. తర్వాత పావుగంట నుంచి 20 నిమిషాలు కూర్చోవాలి. బిస్కెట్లు, అరటిపండు, జ్యూస్ చాలు. కళ్లు తిరిగేది మంచం మీద కంటే లేచి నాలుగడుగులు వేశాక, తినే బల్ల దగ్గర. ఆవలింతలు, నుదుటిన చెమట, ముఖం తెల్లబడటం కనిపిస్తే కుర్చీలో కూర్చోబెట్టి విసరడం కాదు, నేలమీదే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టి డాక్టరును పిలవండి. వెంటనే బండెక్కి బయటికి వెళ్లనివ్వకండి.

రక్తం ఇస్తే అటెండెన్స్ అనీ, ఇంటర్నల్ మార్కులనీ ఆశ పెట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. దాంతో అసలుకే మోసం. మార్కుల కోసం వచ్చినవాళ్లు పోయిన నెల మలేరియా వచ్చిందని చెప్పరు. తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే. అయితే ఇన్ఫెక్షన్ కొత్తగా సోకిన రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. ఆ ఖాళీని నింపేది దాత చెప్పే నిజమే. అందుకే ప్రశ్నావళి నింపే చోట పక్కవారికి కనపడకుండా తెర కట్టండి, వెనక్కి వచ్చినవారిని "ఎందుకు తీసుకోలేదు?" అని ఎవరూ అడగకూడదని వాలంటీర్లకు గట్టిగా చెప్పండి.

ఓటరు నమోదు బల్ల

ఇది తక్కువ మందితో అయ్యే పని. ముగ్గురు, ఒక ల్యాప్‌టాప్, హాస్టల్ మెస్ గుమ్మం, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది. 18 నిండినవారికి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని ఏడాదికి నాలుగు అర్హత తేదీలు. 17 దాటినవారూ ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్‌లో ఉండేవారు ఇంటి దగ్గరైనా, హాస్టల్ చిరునామా మీదైనా ఓటు పెట్టుకోవచ్చు. రెండుచోట్లా కాదు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఊళ్లో ఓటు ఉండి, ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8. ఓటే లేనివారికి ఫారం 6. అందరిచేతా ఫారం 6 నింపించేస్తే రెండు ఓట్లవుతాయి, తప్పుడు ప్రకటన చేసినట్టూ అవుతుంది. కాబట్టి ఎవరు వచ్చినా మొదట వారి పేరు జాబితాలో వెతకండి, ఆ తర్వాతే ఫారం.

దరఖాస్తు పెట్టాక పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి బీఎల్‌వో విచారణకు వస్తారు. సెలవుల్లో వస్తే గదికి తాళం ఉంటుంది, దరఖాస్తు పోతుంది. వార్డెన్ ఆఫీసులో దరఖాస్తుదారుల జాబితా గది నంబర్లతో ఇచ్చి, ఫలానా సాయంత్రం అందరూ ఉంటారని బీఎల్‌వోకు ముందే చెప్పండి. ఏదైనా చిక్కు వస్తే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయవచ్చు. డిగ్రీ అయి మూడేళ్లు నిండిన రీసెర్చ్ స్కాలర్లు కనపడితే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు గుర్తుచేయండి. దానికి ఫారం 18, ఆ జాబితా ఎన్నికల ముందు మళ్లీ కొత్తగా తయారవుతుంది. పాత జాబితాలో ఉన్నాం కదా అని ఊరుకున్నవారికి ఓటు ఉండదు. బల్ల దగ్గర ఏ పార్టీ ఊసూ రాకూడదు, విద్యార్థి సంఘాల కండువాలూ వద్దు.

క్యాంపస్ కార్మికుల పిల్లలకు చదువు

మెస్‌లో, తోటల్లో, పారిశుధ్య పనిలో ఉన్నవాళ్ల పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం అందరికీ ముందు తట్టే ఆలోచన. ముందు ఆగిపోయేదీ అదే. కారణం పరీక్షలు. మీ సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాలు క్లాసు మూస్తే పిల్లలు తిరిగి రారు. కాబట్టి వేర్వేరు డిపార్ట్‌మెంట్ల నుంచి, పరీక్షల తేదీలు కలవనివాళ్లను కలిపి జట్టు కట్టండి. పదిమంది పిల్లలకు ఇద్దరు చొప్పున, వారానికి మూడు రోజులు, రోజుకు గంటంపావు. మొదటి రోజే పిల్లలు ఒక్కొక్కరి చేతా రెండో తరగతి వాచకంలో ఒక పేరా చదివించండి, రెండంకెల తీసివేత చేయించండి. ఏడో తరగతి పిల్లలు ఇక్కడే ఆగిపోతే ఏడో తరగతి పాఠం చెప్పి లాభం లేదు. తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి జట్లు చేయండి.

తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఏ వాలంటీరూ పిల్లలెవరితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. పిల్లల ముఖాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దు.

డబ్బు, కాగితాలు

ఎవరి సొంత యూపీఐకీ చందాలు వేయించుకోకండి, యాభై రూపాయలైనా సరే. బిస్కెట్లు, నోటుపుస్తకాలు వస్తువుల రూపంలోనే తీసుకుని రిజిస్టరులో రాయండి. డబ్బే కావాల్సి వస్తే డిపార్ట్‌మెంటు ద్వారానో యూనిట్ ఖాతా ద్వారానో నడవాలి. లెక్క సరిగ్గానే ఉన్నా, ఒక్క పుకారుతో రెండేళ్ల పని ఆగిపోతుంది.

ఇంకొక కాగితం కూడా ఉండాలి, దాన్ని దాదాపు ఎవరూ రాయరు. ఫైనలియర్ జనవరిలో ఒక నోటుపుస్తకం కొని, ఇవి అందులో ఎక్కించి జూనియర్ల చేతిలో పెట్టండి: ఎగ్జామ్ బ్రాంచ్‌లో స్క్రైబ్ ఫైలు ఏ సెక్షన్ చూస్తుంది, దరఖాస్తు ఎన్ని రోజులు పట్టింది, ఏ జూనియర్ కాలేజీ పిల్లల్ని పంపింది, ఏ హాలులో ఫ్యాన్లు తిరగవు, పోయిన శిబిరం ఏ తేదీన జరిగింది, దానికి 90 రోజులు ఎప్పుడు నిండుతాయి. చివరి పేజీలో వచ్చే సెమిస్టర్‌కు స్క్రైబ్ కావలసిన విద్యార్థుల సంఖ్య, వారి పేపర్ల సంఖ్య. ఆ పేజీ నింపాలంటే ఆ విద్యార్థుల గదులకు వెళ్లి అడగాలి. జూనియర్‌ను వెంట తీసుకెళ్లండి.